మెదడు వాచిందా, కుములుతోందా?

సందేహం: నల్లగొండలో, హెచ్‌ఐవీ ఉన్నవారికి మందులిచ్చే ఒక ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. దేవరకొండ వైపు నుంచి మందులకు వచ్చే ఒక అబ్బాయి ఫోన్‌లో ఒక వార్త చూపించాడు: ‘గంజాయితో హెచ్‌ఐవీ రోగుల మెదడు వాపునకు చెక్’. లోపల, గంజాయిలో ఉండే కన్నాబినాయిడ్లు ఆ వాపును తగ్గించవచ్చని ఉంది. “మేడం, నాకు మెదడువాపు వచ్చిందా? గంజాయి తాగొచ్చా మరి?” అని అడిగాడు. అది ఇన్‌ఫ్లమేషన్ అని చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాటకు తెలుగులో వాపు అనాలా, మంట అనాలా, శోథ అనాలా? కన్నాబినాయిడ్లను ఏమనాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

సమాధానం: అమ్మా, ముందు ఆ ‘చెక్’ సంగతి చూద్దాం. చుండ్రుకు చెక్, షుగర్‌కు చెక్, దోమలకు చెక్, ఇప్పుడు మెదడుకూ చెక్. చదరంగం ఆడినవాళ్లకు తెలుసు, చెక్ అన్నంత మాత్రాన ఆట అయిపోదు. రాజు ఒక గడి పక్కకు జరుగుతాడు, అంతే. ఆ లెక్కన శీర్షిక రాసినాయన తెలియకుండానే నిజం రాశాడేమో.

ఇక వాపు. వాచు నుంచి వచ్చింది. చీమ కుట్టినా, కాలు బెణికినా కంటికి కనబడేది. ‘వాపును చూసి బలుపు అనుకున్నట్టు’ అన్న సామెత పుట్టిందే కనబడుతుంది కాబట్టి. పైగా ‘మెదడువాపు’ మన దగ్గర ఎప్పుడో ఒక జబ్బుకు పేరైపోయింది. దోమకాటుతో వచ్చి, జ్వరం, ఫిట్స్‌తో పిల్లల ప్రాణం మీదికి తెచ్చే జబ్బు అది. ఆ పిల్లవాడు భయపడ్డాడంటే తప్పు అతనిది కాదు. శోథ అంటే గౌరవంగా వినిపిస్తుంది గానీ, ఉబ్బడం అనే అర్థమున్న ‘శ్వి’ ధాతువు నుంచి వచ్చిన మాట. అంటే అదీ వాపే, కాకపోతే పట్టుపంచె కట్టుకుంది.

మంట కొంత నయం. ఇన్‌ఫ్లమేషన్ లాటిన్ నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం నిప్పంటించడమే. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని దాని నాలుగు గుర్తులను సెల్సస్ అనే రోమన్ దాదాపు 2000 ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. కానీ మన మంట అనుభవించేవాడికి తెలిసేది. కళ్లమంట, అరికాళ్ల మంట అంటాం. మెదడు కణజాలానికి స్వయంగా నొప్పి తెలియదు. ‘మీ మెదడులో మంట ఉంది’ అంటే ‘నాకేం మండట్లేదే’ అంటాడు.

మరి లోపల జరుగుతున్నదేమిటి? హెచ్‌ఐవీ కొన్ని రక్తకణాల్లో దాక్కొని మెదడుకు చేరుతుంది. అక్కడ నాడీకణాలను కాదు, మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా అనే కణాలను పట్టుకుంటుంది. కాపలావాళ్లు రెచ్చిపోయి వదిలే రసాయనాలు, వైరస్ ప్రోటీన్లు కలిసి పక్కనున్న నాడీకణాలను దెబ్బతీస్తాయి. ఏఆర్‌టీ మందులు రక్తంలో వైరస్‌ను పరీక్షకు కూడా అందనంతగా అణచేస్తాయి. అయినా కొందరిలో ఈ రేగుడు, అంటే మీరన్న ఇన్‌ఫ్లమేషన్, సన్నగా సాగుతూనే ఉంటుంది. మతిమరుపు, పని మీద మనసు నిలవకపోవడం లాంటివి నెమ్మదిగా బయటపడతాయి.

ఇది చదువుతుంటే నాకు పాలమూరులో మా నాయనమ్మ దాలి గుర్తొచ్చింది. గుంటలో పిడకలు, వాటి మీద పాలకుండ. పొద్దంతా పైన బూడిదే. మంట లేదు, పొగ కూడా సరిగా రాదు. నేను పుల్లతో కెలకబోతే, “మంట లేదని చెయ్యి పెట్టకు బిడ్డా, లోపల కుములుతున్నది” అనేది. కందగడ్డలు కాల్చేదీ పొయ్యి మంట మీద కాదు, కుమ్ములో. కుమ్ము అంటే వేడి బూడిద, నిప్పు కలిసినది. కుములు అంటే మంట లేకుండా లోలోపల కాలడం. ఆ నిప్పు పోసుకునేది కుంపటి. మూడూ ఒక్క ఇంటి పిల్లలే. తమిళంలో కుంపి అన్నా వేడి బూడిదే. ఇంతటి కుటుంబాన్ని మనం ఏం చేశాం? కుంపటిని పాతసామాన్ల అటకెక్కించాం. కుమ్మును మరిచాం. కుమిలిపోవడాన్ని సీరియళ్లలో కోడళ్లకు వదిలేశాం. ‘దీర్ఘకాలిక స్వల్పస్థాయి శోథ’ అని పరిభాష కూర్చేవాళ్లు ఒక్కసారి దాలి దగ్గర కూర్చుంటే బాగుండేది. (కుమ్మరికి, కుమ్ముకు చుట్టరికం కలుపుతూ ఎవరూ ఉత్తరం రాయకండి. కుమ్మరి కుంభకారుడి నుంచి వచ్చాడు.)

నా ఓటు కుములుకే. అయితే ఒక చిక్కుంది. ‘మీలోపల కుములుతోంది’ అంటే మీ ముందు కూర్చున్న మనిషి దిగులు అనుకోవచ్చు. ఈ జబ్బు పేరు ఇంట్లో చెప్పుకోలేక నిజంగానే కుమిలిపోతున్నవాడైతే ఆ మాట గుచ్చుకుంటుంది. అలాంటప్పుడు ‘నివురు కింద నిప్పులా ఉంది’ అనండి. సెగ అని మాత్రం అనకండి. పల్లెల్లో పెద్దవాళ్లకు అది సుఖవ్యాధి పేరు. అన్నట్టు, ‘హెచ్‌ఐవీ రోగి’ అనడం మానేసి ‘హెచ్‌ఐవీ ఉన్నవారు’ అంటే పత్రికలకు సిరా ఏమీ ఎక్కువ ఖర్చవదు.

కన్నాబినాయిడ్లకు అనువాదం వద్దు, అలాగే ఉంచండి. గంజాయి అని మాత్రం రాయకూడదు. గంజాయి ఒక మొక్క, దాని పూత. 1985 నాటి మత్తుమందుల చట్టమైతే పూతకంకులతో కలవని ఆకును, గింజను గంజాయిలో లెక్కే వేయదు. నిఘంటువులు రాసేవాళ్లకు కూడా అంత పట్టింపు ఉండదు! కన్నాబినాయిడ్లంటే ఆ మొక్కలో ఉండే ఒక రకం పదార్థాలు. మత్తెక్కించే టీహెచ్‌సీ ఒకటి, మత్తివ్వని సీబీడీ ఇంకొకటి. మన ఒంట్లోనూ అలాంటివి తయారవుతాయి. 1992లో మెదడులో దొరికినదానికి పరిశోధకులు మన ‘ఆనందం’ తీసుకొని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. వాళ్లు మన మాట వెతుక్కున్నారు, మనమేమో చెక్ అంటున్నాం.

‘గంజాయి వనంలో తులసి మొక్క’ అంటారు కదా, ఆ తులసి సంగతి వినండి. రెచ్చిపోయిన మైక్రోగ్లియా మీద సీబీ2 అనే గ్రాహకం, అంటే కొన్ని రసాయనాలు వచ్చి అతుక్కునే చోటు, ఉంటుంది. కన్నాబినాయిడ్లు దాన్ని తాకితే ఆ కణాలు కొంత చల్లబడతాయని ప్రయోగశాలల్లో చూశారు. మిరియాల్లో, లవంగాల్లో, తులసిలో, గంజాయిలో కూడా ఉండే కారియోఫిలిన్ అనే సువాసన పదార్థం ఆ గ్రాహకానికే అతుక్కుంటుందని 2008లో తేలింది. సామెతలో పగవాళ్లు, రసాయనశాస్త్రంలో దాయాదులు. అలాగని తులసితీర్థంతో మెదడు బాగవుతుందని రేపు ఇంకో శీర్షిక పెట్టకండి బాబూ.

అసలు పేచీ ‘వచ్చు’తో. ‘తగ్గించవచ్చు’ అంటే జరిగే అవకాశం ఉందని. ‘తాగవచ్చు’ అంటే అనుమతి. వార్త మొదటిది చెప్పబోయింది, పిల్లవాడికి రెండోది వినబడింది. గంజాయి వాడే హెచ్‌ఐవీ ఉన్నవారిలో రేగిన రక్తకణాలు తక్కువ కనిపించాయని కొన్ని పరిశీలనలు ఉన్న మాట నిజమే. అది గంజాయి వల్లేనా, అంతమాత్రాన మతి నిలుస్తుందా అన్నది వాటితో తేలదు. టీహెచ్‌సీ తనంతట తానే జ్ఞాపకశక్తిని తగ్గిస్తుంది కూడా. కాబట్టి ఇక్కడ వచ్చు బదులు ‘తగ్గించగలదేమో చూస్తున్నారు’ అనాలి. నాలుగు అక్షరాలు పెరిగితే పెరగనివ్వండి.

వైద్యుల కాగితంలో ఇన్‌ఫ్లమేషన్ అనే ఉండనివ్వండి. ఆ అబ్బాయికి మాత్రం, వచ్చింది మెదడువాపు కాదని, తాగొచ్చని ఎవరూ అనలేదని, మాత్రలు ఆపొద్దని చెప్పి, దాలి ఎప్పుడైనా చూశావా అని అడగండి. చూశానంటే మీ పని సగం అయినట్టే. చూడలేదంటే నాకు మళ్లీ రాయండి, ఇంకో మాట వెతుకుదాం.