గర్భసంచి ఆపరేషన్ చేయించుకుని తప్పు చేశానా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. మాది ఖమ్మం జిల్లా. గర్భసంచిలో గడ్డలున్నాయని, బ్లీడింగ్ ఎక్కువవుతోందని 14 నెలల కిందట ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. తొందరపడ్డానేమో, ఇంకో డాక్టర్‌ని అడగాల్సిందేమో అని అప్పటి నుంచి రోజూ అదే ఆలోచన. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు వస్తున్నాయి. నిద్ర పట్టక మా తోటికోడలు వాడే ఆల్‌ప్రాజొలామ్ మాత్ర మూడు నెలలుగా రోజూ రాత్రి వేసుకుంటున్నాను. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ‘డెసిషన్ రిగ్రెట్ స్కేల్’ అనే పరీక్ష చేయించింది. 100కి 75 వచ్చింది. అంటే నా నిర్ణయం తప్పేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ 75 సంగతి తర్వాత చూద్దాం. ముందు మాత్ర గురించి చెప్పాలి. ఆల్‌ప్రాజొలామ్ ఒకరికి రాసింది ఇంకొకరు వేసుకునే మందు కాదు. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే ఒంటికి అలవాటు పడుతుంది. మీకు మూడు నెలలైంది. ఇది చదివి భయపడి ఈ రాత్రే ఆపేయకండి. ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, గుండెదడ, నిద్ర మరింత కరువవడం, అరుదుగా ఫిట్స్ కూడా వస్తాయి. ఈ వారంలోనే మాత్రల షీటు తీసుకుని ఫిజీషియన్ దగ్గరకో సైకియాట్రిస్ట్ దగ్గరకో వెళ్లండి. డోసు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మాన్పిస్తారు. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని మందు ఇది. అయినా ఇళ్లలో చేతులు మారుతూనే ఉంటుంది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ‘మా అక్కది’, ‘మా పక్కింటావిడది’ అనేవాళ్లను చూసి చూసి చెబుతున్నాను. నిద్ర ఎందుకు పట్టడం లేదో తెలుసుకోకుండా మూడు నెలలు గడిపేశారు. అది బాధగా ఉంది.

నిద్ర పట్టకపోవడానికి కారణం ఆలోచనలు ఒక్కటే కాకపోవచ్చు. మీరు రాయని విషయం ఒకటుంది: గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారా? చాలామందికి ఇది తెలియదు. డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడండి. ‘బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ’ అని గానీ, ‘బీఎస్‌వో’ అని గానీ ఉంటే రెండు అండాశయాలూ తీసేసినట్టు. అప్పుడు అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిరాకు, కారణం లేకుండా ఏడుపు రావడం... అన్నీ దానివల్ల రావచ్చు. ఆ వయసులో అలా వదిలేస్తే ముందుముందు ఎముకలకు, గుండెకు కూడా నష్టం. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి అనుకున్నదానికంటే ముందే మందగిస్తాయి. కాగితాలు దొరకకపోతే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ రక్తపరీక్షతో కొంత తెలుస్తుంది. దాంతో పాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి.

బ్రెస్ట్ క్యాన్సర్, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం, లివర్ జబ్బు లాంటివి లేకపోతే, మీ వయసులో అండాశయాలు పోయినవారికి సహజంగా నెలసరి ఆగే వయసు దాకా, అంటే దాదాపు 50 వరకు, హార్మోన్ చికిత్స సాధారణంగా సూచిస్తాం. మీకు సరిపడుతుందో లేదో మిమ్మల్ని చూసిన గైనకాలజిస్టే చెప్పాలి. దయచేసి దీన్ని కూడా ఎవరినో అడిగి మెడికల్ షాపులో కొనకండి.

ఇక 75. ఈ స్కేలును 2003లో కెనడా పరిశోధకులు ప్రచురించారు. చికిత్స గురించి నిర్ణయం తీసుకున్నవాళ్లు తర్వాత దాని గురించి ఎంత బాధపడుతున్నారో కొలవడానికి. అయిదు వాక్యాలుంటాయి. ఒక్కోదానికి 1 (పూర్తిగా ఒప్పుకుంటాను) నుంచి 5 (అస్సలు ఒప్పుకోను) వరకు అంకె. రెండో, నాలుగో వాక్యాలు ‘చింతిస్తున్నాను’, ‘హాని జరిగింది’ అనే తరహావి కాబట్టి వాటి అంకెల్ని తిరగేయాలి (1ని 5గా, 2ని 4గా). ఆ తర్వాత ప్రతి అంకెలోంచి 1 తీసేసి, 25తో గుణించి, సగటు కట్టాలి. 0 అంటే విచారమే లేదు, 100 అంటే అంతకు మించి లేదు. మీ 75 అంటే బాధ ఎక్కువగానే ఉందని. నిర్ణయం తప్పని కాదు. తప్పొప్పులు ఆ స్కేలు చూడదు. ఇంత దాటితే జబ్బు అని చెప్పే గీత కూడా దానికి లేదు. పైగా నిద్ర లేక, ఒళ్లంతా ఆవిర్లతో వేగిపోతున్న మనిషిని ‘ఆ నిర్ణయం నాకు హాని చేసిందా’ అని అడిగితే అవుననే అంటుంది కదా. చికిత్స మొదలుపెట్టి మూడు నెలలయ్యాక మళ్లీ అవే అయిదు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఆ అంకె నాకు ఎక్కువ ఉపయోగం.

నిర్ణయం సరైనదేనా అంటే, కాగితాలు చూడకుండా చెప్పలేను. ఆరోజు హిమోగ్లోబిన్ ఎంత, గడ్డల సైజు ఎంత, మందులు లేదా గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ వాడి చూశారా, బయాప్సీ చేశారా... వీటిని బట్టి తేలేది. రక్తం 6కో 7కో పడిపోయి ఉంటే ఆపరేషన్ చెప్పడంలో తొందర లేదు. అలాగని మీ అనుమానాన్ని కొట్టిపారేయను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. రెండో అభిప్రాయం అడగాల్సిందేమో అని మీకు అనిపించడంలో తప్పు లేదు. కానీ ఈరోజు తెలిసినవాటితో ఆరోజు మిమ్మల్ని మీరు నిలదీసుకోవడం న్యాయం కాదు.

ఇంకొకటి అడగాలి. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తిండి సయించకపోవడం, బతికి ఏం లాభం అనిపించడం ఉన్నాయా? ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఇంట్లో ఎవరికైనా చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్‌కు ముందు తీసిన స్కాన్, తీసిన గర్భసంచి బయాప్సీ రిపోర్టు, తోటికోడలి మాత్రల షీటు అన్నీ ఒకే సంచిలో పెట్టుకెళ్లండి. బయాప్సీ రిపోర్టు మీకు ఇవ్వకపోతే ఆ ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోండి.