చక్కెర తగ్గిస్తే సోర్బెట్ రాయిలా ఎందుకవుతుంది?

మామిడిపండు సోర్బెట్ (పాలు లేకుండా పండు గుజ్జు, చక్కెర, నీళ్లు కలిపి గడ్డకట్టించేది) చేసి ఫ్రీజర్‌లో పెడితే రాయిలా గడ్డకట్టిందని, ఐస్‌క్రీం మిషన్ లేకుండా మెత్తగా రావాలంటే ఏం చేయాలని అడిగారు. నాన్నగారికి షుగర్ ఉందని చక్కెర సగానికి తగ్గించినట్టు కూడా రాశారు. మిషన్ లేకపోవడం వల్ల అలా కాలేదండీ. ఆ తగ్గించిన చక్కెర వల్లే అయింది.

మాది తిరుపతి. ఎండలు ముదిరాయంటే మా ఫ్రీజర్‌లో ఏదో ఒక పండుతో చేసిన సోర్బెట్ ఉండాల్సిందే, కాబట్టి చేసి చూసిన సంగతులే చెబుతున్నాను. సోర్బెట్‌లో చక్కెర తీపి కోసం మాత్రమే కాదు. మామూలు నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి, చక్కెర కరిగిన నీళ్లు ఇంకా చల్లబడితే గానీ గడ్డకట్టవు. పైగా నీళ్లు మంచుగా మారేకొద్దీ మిగిలిన పాకం చిక్కబడుతూ పోతుంది. అందుకే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో కూడా అందులో కొంత గడ్డకట్టకుండా మిగులుతుంది. మంచు పలుకుల మధ్య ఆ పాకం ఉంటేనే స్పూను దిగుతుంది. అది తగ్గితే పలుకులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చక్కెర బదులు వాడే స్టీవియా వేస్తే తీపి వస్తుంది గానీ మెత్తదనం రాదు, ఎందుకంటే అది వేసేది చిటికెడే.

పండులో ఉన్న చక్కెర, మనం వేసేది కలిపి మొత్తం మిశ్రమంలో 25 నుంచి 30 శాతం ఉండాలి. బాగా పండిన తోతాపురి గుజ్జులో ఇంచుమించు 14, 15 శాతం చక్కెర ఉంటుంది. అందుకని అరకిలో గుజ్జుకి 120 గ్రాముల చక్కెర, 100 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు వేస్తాను. చక్కెరను ఆ నీళ్లలోనే కరిగించి, చల్లార్చి కలపాలి. గిన్నెలో ఉండగా రుచి చూస్తే 'కాస్త తీపి ఎక్కువైందే' అనిపించాలి. బాగా చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి అంతగా తెలియదు, గడ్డకట్టాక సరిపోతుంది.

పండ్ల రసాలకు పాతకాలం పరీక్ష ఒకటుంది. కడిగిన కోడిగుడ్డును రసంలో వేస్తే, పైకి తేలి రూపాయి బిళ్లంత పెంకు కనబడితే చక్కెర సరిపోయినట్టు. మామిడి గుజ్జు లాంటి చిక్కటి దానిలో ఇది సరిగా తెలియదు. మా వంటింట్లోకి గుడ్డు రాదు కాబట్టి నేను నమ్ముకున్నది చిన్న తూకం మిషన్‌నే. కప్పులతో కొలవకండి, ఒక్కో ఇంటి కప్పు ఒక్కో సైజు.

మామిడిలో తోతాపురే తీసుకోమంటాను. బేనీషా (బంగినపల్లి) కోసుకుని తినడానికి బాగుంటుంది, దాన్ని మిక్సీలో వేయడానికి నాకు మనసొప్పదు. తోతాపురిలో ఉండే ఆ కాస్త పులుపు గడ్డకట్టాక కూడా నిలబడుతుంది, గుజ్జు చిక్కగా ఉంటుంది కాబట్టి పలుకులూ సన్నగా వస్తాయి. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలు నడిచేదే ఈ కాయ మీద. 2025లో ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. ఏడాదంతా తోటను సాకిన రైతుకు 12 రూపాయలా అని ఇప్పటికీ బాధేస్తుంది. దామలచెరువు, బంగారుపాళెం వైపు వెళ్లేవాళ్లుంటే జూన్‌లో ఒక పెట్టె తెప్పించుకోండి.

ఇక గడ్డకట్టించడం. మిశ్రమాన్ని ముందు ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లబరచండి. తర్వాత వెడల్పాటి స్టీలు పళ్లెంలో అంగుళం మందాన పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. లోతు గిన్నెలో పోస్తే నిదానంగా గడ్డకడుతుంది, నిదానంగా కడితే పలుకులు పెద్దవవుతాయి. అంచులు బిగుసుకున్నాక ఫోర్కుతో గీరి నడుమకు కలపండి. మొత్తం గట్టిపడ్డాక ముక్కలు చేసి, ముందే ఫ్రీజర్‌లో పెట్టుకున్న మిక్సీ జార్‌లో వేసి ఆపి ఆపి తిప్పండి. మొదట ముక్కలు జార్‌కి కొట్టుకుంటూ టకటకమని చప్పుడవుతుంది. కాసేపటికి ఆ చప్పుడు పోయి ఒకటే రొద మిగులుతుంది, రంగు కూడా కాస్త తెల్లబడుతుంది. గాలి చేరిందన్నమాట. వెంటనే ఆపేయాలి, ఇంకా తిప్పితే వేడికి కరిగిపోతుంది. డబ్బాలోకి తీసి, పైన బటర్ పేపర్ అంటించి మూతపెట్టి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టండి.

అన్ని పండ్లకీ ఒకే కొలత పనికిరాదు. పుచ్చకాయలో 90 శాతానికి పైగా నీళ్లే కాబట్టి అసలు నీళ్లు పోయకూడదు, అరలీటరు రసానికి 140 గ్రాముల చక్కెర పడుతుంది. నేరేడు నాకు అన్నిటికంటే ఇష్టం. పండ్లను ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచి, గింజ తీసి, తొక్కతోనే రుబ్బుకోవాలి. ఆ రంగు తొక్కదే. దీనికి చక్కెర బదులు బెల్లం వేసి చూడండి. బెల్లంలో కొంత భాగం గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా ఉంటుంది, అవి గడ్డకట్టడాన్ని చక్కెర కంటే ఎక్కువగా ఆపుతాయి, అందుకే ఇంకా మెత్తగా వస్తుంది. బెల్లం వాసన మాత్రం పైకి తేలుతుంది, అది నచ్చేవాళ్లకే.

పాలు పోసే షెర్బెట్ గురించి కూడా అడిగారు. అమెరికాలో ఆ పేరుతో అమ్మేదానిలో పాలకొవ్వు 1 నుంచి 2 శాతం దాకా ఉంటుంది, మన వీధుల్లో గ్లాసులో తాగే షర్బత్ వేరు. అది కావాలంటే పై కొలతలో నీళ్ల బదులు చల్లటి చిక్కటి పాలు పోయండి. చక్కెరను గుజ్జులోనే కరిగించి, ఫ్రీజర్‌లో పెట్టే ముందు పాలు కలపండి. వేడి పాలు పోస్తే నిమ్మరసానికి విరిగిపోతాయి.

నాన్నగారి సంగతి. తక్కువ చక్కెరతో చేసినదాన్ని ఫ్రీజర్‌లో నిల్వ ఉంచాలని చూడకండి, గట్టిపడిపోతుంది. చక్కెర వేయని గుజ్జును ఐస్ ట్రేలో గడ్డకట్టించుకుని, ఆయన తినే ముందు మూడు నాలుగు ముక్కలు కాస్త చల్లటి పెరుగుతో మిక్సీలో తిప్పి అప్పటికప్పుడు గిన్నెలో పెట్టివ్వండి. ఆ పది నిమిషాలు మెత్తగానే ఉంటుంది. మామిడిలో ఉన్న చక్కెర ఎలాగూ ఉంటుంది కాబట్టి ఎంత తినొచ్చో డాక్టర్‌ని అడగండి. తాగడానికైతే నిమ్మరసం, నానబెట్టిన సబ్జా గింజలు, ఉప్పు వేసిన సోడా ఇవ్వొచ్చు. నన్నారి షర్బత్ మాత్రం వద్దు. నన్నారి వేరు మంచిదే గానీ, బజార్లో దొరికే సిరప్ నిండా చక్కెరే.

కరెంటు పోయి సోర్బెట్ కాస్త కరిగితే అలాగే మళ్లీ గడ్డకట్టనివ్వకండి, పలుకులు లావవుతాయి. ఇంకా చల్లగానే ఉంటే పళ్లెంలో పోసి గడ్డకట్టించి, ఇంకోసారి మిక్సీ వేస్తే మళ్లీ దారికొస్తుంది.