విరిగిన కాలు అతికాక మళ్లీ పరుగు: మేనల్లుడికి లేఖ

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మోకాలి కింది పెద్ద ఎముకలో రాడ్డు వేయించుకున్న నువ్వు ఊతకర్రలు కూడా వదిలేశావనీ, వచ్చే చలికాలానికి మళ్లీ 42 కిలోమీటర్ల మారథాన్ పరుగెత్తాలని ఉబలాటపడుతున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. వద్దనను. అయితే గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల సాధనతోనే దారికి వస్తాయి గాని, ఎముకకూ, కండరాలను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులకూ నెలలు పడుతుందన్న సంగతి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. ఆయాసం రావడం లేదు కదా అని దూరం పెంచుకుంటూ పోయేవాళ్లే మళ్లీ మంచం ఎక్కుతారు.

నొప్పి తగ్గినంత మాత్రాన ఎముక అతికినట్టు కాదు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసిన ఎక్స్‌రేలలో కనిపించే నాలుగు అంచుల్లో కనీసం మూడింటిలోనైనా కొత్త ఎముక కలిసిందో లేదో డాక్టరుగారు చూస్తారు. ఆయన సరేననేదాకా పరుగు ఊసెత్తకు. నీ రాడ్డు మోకాలి దగ్గర నుంచి లోపలికి దించినది కనుక, మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు చిప్ప కింద పోటు రావడం చాలామందిలో ఉన్నదే, బెంబేలు పడకు. పిక్క ఉన్నట్టుండి వాచి వేడెక్కితే మాత్రం, రక్తం గడ్డకట్టిందేమోనన్న అనుమానంతో అదే రోజు ఆసుపత్రికి వెళ్లు.

కుంటకుండా అరగంట చురుగ్గా నడవగలిగాక కాలి బలం చూసుకో. మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, గోడకు వేళ్లు మాత్రం ఆనించి, మడమ ఎత్తి దించు. మోకాలు చాచి కొన్నిసార్లు, కొద్దిగా వంచి కొన్నిసార్లు చెయ్యి. వంచినప్పుడే పిక్క లోపలి కండరానికి ఎక్కువ పని పడుతుంది, దూరపు పరుగులో బరువు మోసేది చాలావరకు అదే. మంచి కాలు ఎన్నిసార్లు లేస్తే దెబ్బ తగిలిన కాలు కూడా దాదాపు అన్నిసార్లు లేవాలి. ఆ బలం రాకుండా ఖరీదైన బూట్లు కొని ఏం లాభం?

ఆ తరువాతే పరుగు: ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అదీ రోజు విడిచి రోజు. నిమిషాలు పెంచిన వారంలో వేగం పెంచకు. మరునాడు పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో కాలు కుంటుతోందంటే ముందు రోజు ఎక్కువైనట్టే, తగ్గించు. విరిగిన చోట వేలితో నొక్కితే ఒకేచోట నొప్పి పుట్టడం, రాత్రిళ్లు సలపడం ఉంటే పరుగు పూర్తిగా ఆపి డాక్టరుగారికి చూపించు. పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటు అసలు వద్దు. అది నొప్పిని కప్పిపెట్టడమే కాక, చెమటతో నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాలకు కూడా చేటు.

ప్రకాశం బ్యారేజీ చదునుగా ఉంటుంది గనుక మొదట్లో అనువైనదే, కాని తెల్లవారుజామున వాహనాలు పెరగకముందే ముగించు. రోడ్డు అంచు వాలుగా ఉన్నచోట వెళ్లిన వైపునే తిరిగి రా, లేకపోతే భారమంతా ఎప్పుడూ ఒకే కాలి మీద పడుతుంది. ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కడం కంటే దిగడమే కాలికి కష్టం. నెలల తరబడి గదిలో ఉన్న ఒంటికి బెజవాడ ఎండ మళ్లీ అలవాటు కావడానికి రెండు వారాలైనా కావాలి. బరువు పెరిగానని పప్పు, గుడ్డు, పెరుగు మానేయకు. సిగరెట్టు ముట్టకు, అది ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది.

వచ్చే చలికాలానికి 10 కిలోమీటర్ల పరుగుకు పేరిస్తే చాలు. ఈసారి ఎక్స్‌రేకు వెళ్లేటప్పుడు నేనూ వస్తాను, పాత ఫిల్ములన్నీ తేదీల వరుసలో సర్ది ఉంచు.

ఇట్లు,
నీ మేనమామ