చలిలో కారు కడగొద్దంటే మామగారు వినడం లేదు

ప్రశ్న: మాది పలమనేరు. మా మామగారికి 66 ఏళ్లు. తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యారు. అత్తగారు లేరు. పోయిన దసరాకి మావారు లోను పెట్టి ఆటోమేటిక్ కారు కొన్నారు. ధనుర్మాసం మొదలైనప్పటి నుంచి మామగారు రోజూ ఐదింటికే లేచి, బనియన్ మీద తువ్వాలు కప్పుకుని, ట్యాంకు నీళ్లతో కారు కడుగుతున్నారు. లోపలికి వచ్చేసరికి వేళ్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి, టీ గ్లాసు కూడా పట్టుకోలేరు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. మావారు అరుస్తారు. ఆయన మారుమాట్లాడరు, మర్నాడు ఇంకా ముందే లేస్తారు. ఒకరోజు నేను బకెట్ దాచేస్తే వంటింట్లోని దబర తీసుకెళ్లి కడిగారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ముగ్గు వేస్తుంటే ఎదురింటావిడ ‘ముసలాయన చేత ఇంత చాకిరీ ఏమిటమ్మా’ అంటోంది. మావారేమో ‘ఇంట్లో ఉండి నువ్వేం చేస్తున్నావ్’ అని నన్నే అంటారు. పాతకాలం డ్రైవింగ్ అని కారు తాళం మాత్రం ఆయన చేతికివ్వరు. నేనేం చేయాలి?

సలహా: ముందు ఆయన వేళ్ల సంగతి చూడండి. చలికి వేళ్లలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకోవడం అందరికీ జరిగేదే. గ్లాసు పట్టుకోలేనంతగా మొద్దుబారి, తెల్లబడుతున్నాయంటే మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే. బీపీకి ఇచ్చే మందుల్లో బీటా బ్లాకర్లు అనే రకం కొందరికి చేతులు చల్లబడేలా చేస్తుంది. ఆయన వాడుతున్నది అదేనా కాదా అన్నది మందుల చీటీ చూసి డాక్టరే చెబుతారు. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపకండి, ఆ రకం మందు ఉన్నట్టుండి ఆపితే గుండెకు ముప్పు. చలికి బీపీ పెరుగుతుంది కూడా. కారు కడిగేటప్పుడు ఛాతీ పట్టేసినట్టున్నా, ఆయాసం వచ్చినా, చల్లటి చెమటలు పోసినా పని అక్కడే ఆపించి 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అయ్యుంటుందిలే అని తెల్లారేదాకా చూడొద్దు.

ఇక మీ ఉత్తరం చివర్లో, ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాసిన ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. తాళం ఆయన చేతికివ్వరు అన్న మాట. తెల్లవారకముందే అలిపిరి దాటి, రెండో ఘాట్ మీదుగా బస్సు నిండా భక్తులను కొండకు చేర్చి, మొదటి ఘాట్‌లో ఆ వంపులన్నీ తిప్పుతూ కిందికి దింపిన మనిషాయన. ఇంటి ముందుకు కారొచ్చింది. దాని స్టీరింగ్ పట్టుకునే హక్కు తనకు లేదని కొడుకు చెప్పాడు. ఆ కారుతో ఆయనకు మిగిలింది కడగడం ఒక్కటే. మీరు బకెట్ దాచినప్పుడు ఆ ఒక్కటీ పోయింది, అందుకే రెండు రోజులు మాట్లాడలేదు. మీ మీద కోపంతో అయి ఉండదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, మీరు భయపడి చేశారు. కానీ ఇక దాచకండి. మోటారు స్విచ్ తీసేయడం లాంటివి అసలు వద్దు.

కడగొద్దు అని కాకుండా, ఎప్పుడు, దేంతో, ఎన్నిసార్లు అన్నది మాట్లాడండి. రోజూ కడగడం కారుకే మంచిది కాదు. దుమ్ము మీద గుడ్డ పెట్టి రుద్దిన ప్రతిసారీ పెయింటు మీద సన్నటి గీతలు పడతాయి. కొత్త కారు మీద అవి ఎండలో ఇట్టే కనిపిస్తాయి. బట్టల సోడా పొడి వాడుతుంటే మానిపించండి, కారు షాంపూ దొరుకుతుంది. వారానికోసారి కడిగితే చాలు. మిగతా రోజుల్లో మంచుకు తడిసిన అద్దాలను మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. బండి గురించి తెలిసిన మనిషికి బండి పరంగా చెబితే ఎక్కుతుంది. ‘మీ ఆరోగ్యం’ అంటూ మొదలుపెడితే ముసలితనం గుర్తుచేసినట్టవుతుంది.

వేళ ఎనిమిదికో తొమ్మిదికో మార్చాలి. మొగిలి ఘాట్ ఎక్కి వచ్చాక మీ ఊళ్లో చలి చిత్తూరు చలిలా ఉండదు, ఎండ వచ్చేదాకా ఆగడం మేలు. నీళ్ల విషయంలో చాలామంది గమనించనిది ఒకటుంది. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు రాత్రంతా మంచుకు చల్లబడిపోతాయి. అప్పుడే పైకి వచ్చే బోరు నీళ్లు చలికాలంలోనూ కొంచెం గోరువెచ్చగా ఉంటాయి. మీకు బోరుంటే మోటారు వేసి, పైపు నుంచి వచ్చే నీళ్లే వాడమనండి. ఆ నీళ్లు కారు మీద ఆరితే తెల్లటి మచ్చలు పడతాయి కాబట్టి వెంటనే తుడవాలి, కారును నీడలో పెట్టాలి. బోరు లేకపోతే కాస్త వేడినీళ్లు కలపండి. హీటర్ రాడ్డు పెట్టిన బకెట్‌లో స్విచ్ తీసి, ప్లగ్ కూడా పీకేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. షుగరు ఉన్నవాళ్లకు వేళ్లలో స్పర్శ తగ్గొచ్చు, నీళ్లు కాలుతున్నా తెలియకపోవచ్చు. కలిపిన నీళ్లను మీ మోచేతితో మీరే చూసి ఇవ్వండి. లోపల నూలు గ్లౌజులు, పైన రబ్బరు గ్లౌజులు, స్వెట్టరు, జారని చెప్పులు. ఇవన్నీ మీ వారు కొని తేవాలి, ‘నాయనా, ఇవి నీకు’ అని చేతికివ్వాలి. మీరు తెస్తే అదీ ఒక హెచ్చరికలా ఉంటుంది.

తాళం గురించి కూడా మీ వారే మాట్లాడాలి. వాళ్లిద్దరి మధ్య మాటలు మోసే పని మీరు పెట్టుకోకండి. ఇప్పటికే రెండువైపులా మాట పడుతున్నారు. మీరు చేయాల్సిందల్లా మీ వారితో ఒక్కసారి, పొద్దున గొడవ వేళ కాకుండా రాత్రి భోజనాలయ్యాక కూర్చుని చెప్పడం. ‘మామ చేత కారు కడిగించొద్దని నన్ను అంటున్నావు. నీకు డ్రైవింగ్ మీద మొదట ఇష్టం పుట్టించింది ఎవరు? ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారైనా ఎటైనా వెళ్లావా?’ అని అడగండి. జవాబు వెంటనే రాకపోయినా పర్వాలేదు, అక్కడితో ఆపేయండి.

మీ వారి భయం పూర్తిగా అర్థం లేనిదీ కాదు. ఇన్నేళ్లు క్లచ్ తొక్కిన ఎడమకాలు, క్లచ్ ఉండని ఆటోమేటిక్ బండిలో అలవాటుగా బ్రేక్ మీద పడితే బండి ఒక్కసారిగా ఆగిపోతుంది. వెనక వచ్చేవాళ్లకు ప్రమాదం. దానికి విరుగుడు నేర్పించడమే. ఆదివారం ఏదైనా ఖాళీ మైదానానికి తీసుకెళ్లి, ఎడమకాలు పూర్తిగా వెనక్కి పెట్టుకుని కుడికాలితోనే బ్రేకు, యాక్సిలరేటరు వాడటం నేర్పమనండి. అనుభవం ఉన్న చేతికి ఎక్కువ కాలం పట్టదు. కొడుకు నేర్పిస్తుంటే ఆయనకు మొదట చిన్నతనంగా అనిపించొచ్చు, అందుకే మీరు, పిల్లలు వెంట వెళ్లకండి. వాళ్లిద్దరినే వదిలేయండి.

కడిగిన కారును అలాగే నిలబెట్టకుండా కొంచెం దూరం నెమ్మదిగా నడిపి, మధ్యమధ్య బ్రేకు మెల్లగా నొక్కితే డిస్కుల మీది తడి ఆరిపోతుంది. లేకపోతే వాటికి సన్నగా తుప్పు పడుతుంది, మొదటిసారి బ్రేకు వేసినప్పుడు గరగరమంటుంది. ఆ కాస్త దూరం నడిపే పని మామగారికి ఇవ్వండి. కడిగింది ఆయనే కాబట్టి ఆరబెట్టేదీ ఆయనే. వారానికోసారి పొద్దున తొమ్మిదింటికి, రద్దీ లేని రోడ్డు మీద పాలకేంద్రం దాకా వెళ్లి రావడం. ఐదింటికి చీకట్లో లేవడానికి అప్పుడు ఆయనకు కారణం ఉండదని నా నమ్మకం.

ఎదురింటావిడతో వాదన వద్దు. ‘మా మామకు బండంటే ప్రాణం అక్కా, మా ఇంట్లో దాన్ని ఆయన కంటే బాగా చూసుకునేవాళ్లు లేరు’ అని నవ్వుతూ చెప్పి ముగ్గు వేసుకోండి. మామగారికి వినబడేలా చెప్పినా మంచిదే.

తాళం ఇచ్చేముందు రెండు పనులు తప్పనిసరి. ఒకటి, కంటి పరీక్ష, షుగరు పరీక్ష చేయించి, ‘ఈయన బండి నడపొచ్చా’ అని డాక్టరును నేరుగా అడగడం. వద్దంటే నడపకూడదు. ఆ మాట మీ వారు చెప్పకుండా, డాక్టరు నోటి నుంచే ఆయన వినాలి. అప్పుడు ఆ వారానికోసారి ప్రయాణంలో మీ వారు నడపాలి, మామగారు పక్క సీట్లో కూర్చోవాలి. రెండోది లైసెన్సు. 55 దాటినవాళ్లకు ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, మెడికల్ సర్టిఫికెట్ కూడా పెట్టాలి. రిటైరయ్యాక చాలామంది ఆ కార్డు బీరువాలో పెట్టి మర్చిపోతారు. ఈ రాత్రే తీయించి గడువు తేదీ చూడండి.