సోలార్ కంటే ముందు రెండు ఫ్యాన్లు మార్చండి

ప్రశ్న: మాది కాకినాడ. సొంత డాబా ఇల్లు, నలుగురం ఉంటాం. మా వారి జీతం చేతికి 48 వేలు వస్తుంది, ఖర్చులు 42 వేలు దాటుతాయి. పీఎఫ్ కాక ఉన్నదల్లా వచ్చే నెల మెచ్యూర్ అయ్యే రెండున్నర లక్షల ఎఫ్‌డీ. నిరుడు బాబు ఫీజు కోసం ఓ ప్రైవేటు ఫైనాన్స్‌లో బంగారం పెట్టి 80 వేలు తెచ్చాం, వడ్డీ 18 శాతం. కరెంటు మామూలు నెలల్లో 260 యూనిట్లు, ఎండాకాలం మూడు నెలలూ 410 దాకా కాలుతుంది. ఎఫ్‌డీ డబ్బుతో మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించి, మిగిలినదానికి కొంత అప్పు కలిపి ఎలక్ట్రిక్ స్కూటర్ కొందామని నా ఆలోచన. పర్యావరణానికీ మంచిది, డబ్బూ మిగులుతుంది కదా అని. మా వారు మళ్లీ ఎఫ్‌డీ వేద్దామంటున్నారు. ఎవరి మాట సరైనది? ఛార్జర్ తీసేయడం, స్విచ్ ఆపడం లాంటి చిన్న అలవాట్లతో నిజంగా ఏమైనా మిగులుతుందా?

జవాబు: మీ కోరిక మంచిది, నెరవేరేదే. వరుస మాత్రం మార్చాలి. మీరు చివర్లో, మొహమాటంగా అడిగిన చిన్న అలవాట్ల సంగతే ముందుకు రావాలి. సోలార్ ఎంత పెట్టాలో, అసలు ఎంత డబ్బు కావాలో తేల్చేది అదే.

ముందు మీ బిల్లు ఎలా తయారవుతుందో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్లాబుల ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఈ లెక్కన 260 యూనిట్లకు సుమారు 1,323 రూపాయలు. స్థిర ఛార్జీలు, సుంకం, సర్దుబాటు ఛార్జీలు వేరు. మీ తాజా బిల్లు పక్కన పెట్టుకుని రేట్లు సరిచూసుకోండి. సగటున యూనిట్ అయిదు రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ మీరు ఒక యూనిట్ ఆదా చేస్తే తగ్గేది ఆ అయిదు రూపాయలు కాదు, అన్నిటికంటే పైనున్న 8.75 రూపాయల యూనిట్. ఎండాకాలంలో అయితే 9.75. మీ ఇంట్లో మొదట మిగిలే యూనిట్లే అత్యంత ఖరీదైనవి. అందుకే వాటితో మొదలుపెట్టమంటున్నాను.

ఇంట్లో ఎక్కువసేపు తిరిగేవి ఫ్యాన్లు. కాకినాడ ఉక్కపోతలో హాల్లోదీ, మీ పడకగదిలోదీ రోజుకు 14 గంటలైనా తిరుగుతాయి. పాతరకం ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో 75 వాట్ల దాకా తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర ఆగుతుంది. తేడా 45 వాట్లు. రోజుకు 14 గంటల చొప్పున నెలకు ఒక్కో ఫ్యాన్ మీద 19 యూనిట్లు, రెండిటికీ 38. మీ 260 కాస్తా 222 అవుతుంది. అంటే 225 గీత దాటకుండా లోపలే ఉంటారు. బిల్లులో తగ్గేది 324 రూపాయలు. రెండు ఫ్యాన్లకు ఆరు వేలు అనుకుందాం. చలికాలంలో వాటిని తక్కువ తిప్పినా రెండేళ్ల లోపే ఆ డబ్బు తిరిగి వస్తుంది. ఆరు వేలు పెట్టి ఏడాదికి మూడు వేలకు పైగా, అదీ పన్ను లేకుండా మిగిల్చే పథకం ఏ బ్యాంకులోనూ దొరకదు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. కొనేటప్పుడు అట్ట మీద నక్షత్రాలు, వాట్లు రెండూ చూడండి.

అలాగని ఇంట్లో ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చకండి. పిల్లల గదిలో ఫ్యాన్ రాత్రి ఆరు గంటలే తిరుగుతుందనుకుంటే నెలకు ఎనిమిది యూనిట్లే మిగులుతాయి. మొదటి రెండూ మార్చాక ఆ ఎనిమిదీ ఆరు రూపాయల స్లాబులోకి వస్తాయి, నెలకు 48 రూపాయలు. మూడు వేలు తిరిగి రావడానికి అయిదేళ్లు దాటుతుంది. అది పాడయ్యేదాకా ఉండనివ్వండి. బాగా పనిచేస్తున్న వస్తువును పాత సామాన్లకు వేసి కొత్తది కొంటే మీ జేబుకే కాదు, మీరు కాపాడదామనుకుంటున్న పర్యావరణానికీ నష్టమే. కొత్త వస్తువు తయారీకి కూడా రాగి, ఇనుము, కరెంటు కావాలి కదా.

ఇక ఏసీ. ఎండాకాలంలో పెరిగే 150 యూనిట్లలో ఎక్కువ భాగం దానిదే. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే ఆన్ అయ్యేలా నిబంధన తెచ్చింది కూడా ఇందుకే. ఇప్పుడు మీరు 20లో పెడుతున్నారనుకుంటే 25కు మార్చి, పైన కొత్త ఫ్యాన్ నెమ్మదిగా తిరగనివ్వండి. నెలకు 40 యూనిట్లు, అంటే 350 రూపాయలు తగ్గుతాయి. పైసా పెట్టుబడి లేదు. ఫిబ్రవరిలో డాబా మీద తెల్లసున్నం వేయిస్తే గది కొంత తక్కువ వేడెక్కుతుంది. మన పెద్దవాళ్లు ఏటా చేసిన పనే ఇది. ఏసీలు వచ్చాక మానేశాం, మళ్లీ మొదలుపెట్టాలి.

ఛార్జర్ సంగతి అడిగారు. ఫోన్ లేకుండా ఊరికే గుచ్చి ఉంచిన ఛార్జర్ నెలకు పావు యూనిట్ కూడా తీసుకోదు. దాని గురించి పిల్లలను కోప్పడాల్సిన పని లేదు. రోజూ ఒకసారి ఫోన్ పూర్తిగా ఛార్జ్ చేసినా ఏడాదికి ఏడెనిమిది యూనిట్లకు మించదు. కానీ టీవీ పక్కన ఎర్రలైటుతో ఉండే సెట్‌టాప్ బాక్స్ వేరు. రిమోట్‌తో ఆపినా అది పది వాట్లు తీసుకుంటూ ఉంటే నెలకు ఏడు యూనిట్లు. గోడ స్విచ్ ఆపండి. గీజర్‌లో 15 లీటర్లు కాగడానికి అర యూనిట్ పైచిలుకు ఖర్చు. ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు ముగిస్తే సరిపోతుంది, ఉదయమంతా ఆన్‌లో ఉంచితే చల్లారిన నీళ్లనే మళ్లీ మళ్లీ కాచినట్టు. వంటింట్లో అయితే కందిపప్పు అరగంట నానబెట్టి కుక్కర్‌లో పెట్టడం మీకు నేను చెప్పాల్సింది కాదు.

ఇవన్నీ కలిపితే మామూలు నెలల్లో 210 యూనిట్లు, ఎండాకాలంలో 325 అవుతాయి. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు 240 లోపు. ఇప్పుడు సోలార్ దగ్గరికి వద్దాం.

ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకు రోజుకు నాలుగు యూనిట్లు, నెలకు 120 ఇస్తాయి. అంటే మీకు రెండు కిలోవాట్లు సరిపోతాయి, మూడు అక్కర్లేదు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు సబ్సిడీ ఇస్తారు. మొత్తం 78 వేలకు మించదు. కిలోవాట్ ధర 65 వేలు అనుకుంటే, రెండు కిలోవాట్లకు లక్షా 30 వేలలో 60 వేలు వెనక్కి వచ్చి మీకు పడేది 70 వేలు. మూడు కిలోవాట్లయితే లక్షా 17 వేలు. మూడో కిలోవాట్ ఒక్కటే 47 వేలు అన్నమాట. దాని కరెంటు మీ ఇంట్లో ఖర్చు కాదు, గ్రిడ్‌కు పోతుంది. అలా మిగిలిన యూనిట్లకు కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ఇచ్చే ధర మీరు కట్టే ధర కంటే బాగా తక్కువ. ఆరు వేల ఫ్యాన్లు, 70 వేల సోలార్ కలిసి 76 వేలలో చేసే పనిని మీరు లక్షా 17 వేలతో చేయబోయారు. 41 వేలు తేడా.

రెండు కిలోవాట్లతో ఎండాకాలంలో ఎనభై యూనిట్ల దాకా బిల్లు పడొచ్చు. అవన్నీ కింది స్లాబుల్లోవే, రెండు వందల పైచిలుకు రూపాయలతో పోతుంది. ఏడాదికి సుమారు 13 వేలు మిగులుతాయి, అయిదేళ్ల పైచిలుకులో పెట్టుబడి వెనక్కి వస్తుంది. ప్యానెళ్లకు సాధారణంగా 25 ఏళ్ల పనితీరు వారంటీ ఉంటుంది. ఇన్వర్టర్‌కు అంతకాలం ఉండదు కాబట్టి మధ్యలో ఒకసారి మార్చే ఖర్చు పక్కన పెట్టుకోండి. ఇంకొకటి, బ్యాటరీ లేని ఈ వ్యవస్థ కరెంటు పోయినప్పుడు పనిచేయదు. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా అది దానంతటదే ఆగిపోతుంది. కరెంటు పోయినా మా ఇంట్లో ఉంటుందని ఆశపడి తర్వాత బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

సముద్రం పక్కన ఉన్నారు కాబట్టి స్టాండు విషయంలో రాజీ పడొద్దు. ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, జింక్ పూత బాగా పట్టించిన గాల్వనైజ్డ్ స్టాండు అడగండి. 2014 హుద్‌హుద్ తుపానులో విశాఖ పైకప్పులకు ఏమైందో మీ వైపు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంటి బీమా తీసుకుని అందులో సోలార్‌ను కూడా రాయించండి. ఏడాదికి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

ఇక డబ్బు వరుస. ఎఫ్‌డీ చేతికి రాగానే మొట్టమొదట బంగారం విడిపించండి. 80 వేల మీద ఏడాదికి 14,400 వడ్డీ కడుతూ, అదే 80 వేలను ఏడు శాతం ఎఫ్‌డీలో ఉంచితే మీకొచ్చేది 5,600. మీ వారి జాగ్రత్తను నేను గౌరవిస్తాను, కానీ ఈ ఒక్క విషయంలో మళ్లీ ఎఫ్‌డీ వేయడం జాగ్రత్త కాదు. పైగా బంగారం ఇంటికి వస్తే రేపు ప్రాణం మీదికి వచ్చినప్పుడు బ్యాంకులో తక్కువ వడ్డీకే పెట్టుకోవచ్చు. తర్వాత రెండు ఫ్యాన్లు. ఇక మిగిలేది లక్షా 64 వేలు. దాన్ని రెండు మూడు ముక్కలుగా చిన్న ఎఫ్‌డీలు వేయండి. ఇక్కడ మీ వారి మాట సరైనదే.

సోలార్‌కు సబ్సిడీ ముందుగా రాదు. ప్యానెళ్లు బిగించి, డిస్కం వాళ్లు చూసి, గ్రిడ్ నుంచి వచ్చేదీ గ్రిడ్‌కు పోయేదీ రెండూ లెక్కించే నెట్ మీటర్ పెట్టాకే మీ ఖాతాలో పడుతుంది. అంతవరకు లక్షా 30 వేలూ మీ చేతి నుంచి పెడితే ఇంట్లో మిగిలేది 34 వేలు. నెల ఖర్చు కూడా కాదు. అందుకని 70 వేలు మీవి పెట్టి, మిగతా 60 వేలకు ప్రభుత్వ బ్యాంకులు ఈ పథకం కింద హామీ లేకుండా ఇచ్చే రుణం తీసుకోండి. వడ్డీ మామూలు పర్సనల్ లోన్ కంటే చాలా తక్కువ. సబ్సిడీ పడిన రోజే ఆ 60 వేలూ రుణానికి కట్టేయండి. అప్పుడు మొదటి నుంచి చివరిదాకా 94 వేలు మీ దగ్గరే ఉంటాయి. మీ ఖర్చుకు అది రెండు నెలల పైచిలుకే. కనీసం నాలుగు నెలలకు సరిపడా అయ్యేదాకా తగ్గిన వడ్డీ, తగ్గిన బిల్లు రెండూ ఆర్‌డీలో వేయండి.

స్కూటర్ వద్దు. మీ వారు రోజుకు 12 కిలోమీటర్లు తిరుగుతారనుకుంటే, లీటరు 110 చొప్పున నెలకు పెట్రోలు ఏడు వందల లోపు. ఎలక్ట్రిక్ బండికి కరెంటు వంద రూపాయల లోపే, నిజమే. కానీ నెలకు ఆరు వందలు మిగలడానికి లక్షా పదివేలు, అందులో కొంత అప్పు. ఉన్న బండి పనికిరానప్పుడు తప్పకుండా ఎలక్ట్రిక్‌కే వెళ్లండి, అప్పటికి ఇంట్లో సోలార్ కూడా ఉంటుంది.

తెలంగాణలో ఉన్నవాళ్లకు ఈ లెక్క ఇంకా పదునుగా ఉంటుంది. 2022 టారిఫ్ ప్రకారం 200 యూనిట్లకు 820 రూపాయలైతే, 201 యూనిట్లకు సుమారు 1,028. మొదటి యూనిట్ నుంచే స్లాబు మారిపోతుంది కాబట్టి ఆ ఒక్క యూనిట్ ధర సుమారు 208 రూపాయలు. 2024లో వచ్చిన గృహజ్యోతి కింద జీరో బిల్లు పొందుతున్నవాళ్లు 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. అక్కడ రెండు ఫ్యాన్లు మార్చడం ఒక్క నెలలోనే వెయ్యి రూపాయల తేడా తేవచ్చు. రోజూ మీటర్ చూసుకునే అలవాటు అక్కడ అన్నిటికంటే అవసరం.

సూర్యఘర్ పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు ఉంటుంది, కాబట్టి ఏళ్ల తరబడి వాయిదా వేయకండి. ఫ్యాన్లు మార్చాక మూడు బిల్లులు చూడండి, యూనిట్లు నేను చెప్పినంత తగ్గాయో లేదో తేలుతుంది. ఆ తర్వాత ఆ పథకం పోర్టల్‌లో నమోదైన విక్రేతల్లో ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. స్వదేశంలో తయారైన సెల్స్, ప్యానెళ్లకే సబ్సిడీ వస్తుంది, అది కాగితం మీద రాయించుకోండి. ఎంత పెద్దది పెట్టిస్తే అంత లాభమని మూడు కిలోవాట్లకు ఒప్పించబోతారు. ఏడాది యూనిట్ల మొత్తం వాళ్ల ముందు పెట్టి రెండే అడగండి.