రేవు చూస్తే చాలు, సినిమా అక్కర్లేదు

ప్రశ్న: మా అమ్మకి డెబ్బై రెండేళ్ళు. టీవీలో పాత సినిమా వస్తే కథ చూడదు. "అదిగో ఆ పడవ చూడవే, మీ తాతగారు నన్ను ఎక్కించింది అచ్చం అలాంటిదే" అని మొదలుపెడుతుంది, ఒక్క డైలాగూ విననివ్వదు. మొన్న 'మూగమనసులు' వస్తుంటే సగంలో లేచి పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. ఏమైందంటే ఏం లేదంది. ఇలాంటి సినిమాలు చూపించకుండా ఉంటే మంచిదా?
- ఓ పాఠకురాలు, రాజోలు

జవాబు: మానిపించకండమ్మా. ఈసారి ఫోన్‌లోనో యూట్యూబ్‌లోనో పెట్టండి, ఆవిడ మాట్లాడినప్పుడల్లా సినిమా ఆపి వినండి. డైలాగులు ఎక్కడికీ పోవు.

'మూగమనసులు' 1964లో వచ్చింది. కొత్త దంపతులు గోదావరి మీద పడవలో వెళ్తుంటే గతజన్మ గుర్తుకొచ్చే కథ. మన వైపు వాళ్ళకి గతజన్మ దాకా ఎందుకు, వంతెనలు పడకముందు సంగతులు చాలు.

మాది నరసాపురం దగ్గర కాలవ గట్టు మీద ఊరు. టూరింగ్ టాకీస్‌లో ఆట మొదలవబోతోందంటే మైకులో ఘంటసాల 'నమో వెంకటేశా' వేసేవాళ్ళు, అది వినపడేసరికి మేం ఎప్పుడూ గట్టు మీదే ఉండేవాళ్ళం, ఇక మా అమ్మ ఒక చేత్తో కుచ్చెళ్ళూ ఇంకో చేత్తో నా రెక్కా పట్టుకుని పరుగు. నేల టికెట్టు. ఇసక పోగు చేసుకుని ఎత్తుగా కూర్చుంటే, ముందువాడు ఇంకా పెద్ద పోగు చేసేవాడు, అక్కడితో గొడవ.

అసలు సంగతి చెప్తాను. 'మూగమనసులు' రంగుల సినిమా అని ఈమధ్య మా మనవడితో వంద రూపాయలు పందెం కాశాను. గోదావరి ఎర్రగా, బెల్లం పాకంలా పోతుండటం నాకు కళ్ళకి కట్టినట్టుంది మరి! వాడు ఫోన్‌లో పెట్టి చూపించాడు. నలుపు తెలుపు. వంద పోయింది సరే, ఆ ఎరుపు ఎక్కడిదా అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటే అప్పుడు తట్టింది. ఆషాఢంలో ఎర్రనీరు దిగిన రోజుల్లో గోదావరి దాటించే పంటు మీద సఖినేటిపల్లి వెళ్తున్నాం, మా అమ్మ రేకు పెట్టె మీద కూర్చుని ఆ సినిమాలో పాటే కూనిరాగం తీస్తోంది. ఆ నీళ్ళు తీసుకెళ్ళి నేను సినిమాలో పోసుకున్నానన్నమాట.

మీ అమ్మగారు లేచి వెళ్ళింది కూడా అలాంటి నీళ్ళు చూసే అయ్యుంటుంది. ఎందుకు ఏడ్చావని అడక్కండి, చెప్పరు. రేవు దగ్గర తాతగారు ఏం కొనిపెట్టారు, పడవలో పక్కన ఎవరు కూర్చున్నారు, ఇలాంటివి అడగండి. తర్వాత బాపుగారి మొదటి సినిమా 'సాక్షి' పెట్టండి. 1967లో వచ్చింది, మన పులిదిండిలోనే తీశారు. పక్కన ఓ గంట ఖాళీ ఉంచుకోండి, ఆవిడ ఊళ్ళో అందరి చుట్టరికాలూ చెప్తారు.

ప్రశ్న: కొవ్వూరు దగ్గర కుమారదేవంలో సినిమా చెట్టు 2024లో పడిపోయిందని తెలిసిన రోజు మా ఆయన అన్నం ముట్టలేదు. ఇప్పటికీ ఏ సినిమాలో అది కనిపించినా దిగాలు పడిపోతారు. చెట్టు కోసం ఇంత బెంగా?
- ఓ గృహిణి, తాళ్ళపూడి

జవాబు: ఆ నిద్రగన్నేరు కింద ఎంతమంది హీరోలు పాడారో లెక్క చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ ఆయన దాని కింద ఎవరితో కూర్చున్నారో మీరెప్పుడైనా అడిగారా? పెళ్ళికి ముందు సంగతైతే మాత్రం, ముందు అన్నం పెట్టేసి, ఆ తర్వాత అడగండి.