ముందు కంట్లో పెట్టి చూపించండి

ప్రశ్న: అనంతపురంలో నాకు కళ్లద్దాల షాపు ఉంది. కాంటాక్ట్ లెన్స్ మాటెత్తితే చాలామంది ‘అమ్మో, కంట్లోనా!’ అంటున్నారు. తీసుకున్నవాళ్లలోనూ కొందరు నెల తిరక్కుండానే మానేస్తున్నారు. వాళ్లకు ఎలా అలవాటు చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: అడ్డుపడుతున్నది భయం. ధర తర్వాతి సంగతి. భయం మాటలతో పోదు. మైనస్ 5 పవర్ ఉన్న అమ్మాయి పవర్ అద్దాలు బిగించని కొత్త ఫ్రేమ్ పెట్టుకుని అద్దంలో చూసుకుంటే తన ముఖమే మసగ్గా ఉంటుంది. ముక్కు అద్దానికి ఆనించి చూస్తుంది, లేదా వాళ్లమ్మ ‘బాగుంది’ అన్నదే కొంటుంది. కంటి పరీక్ష కాగానే ‘ఫ్రేమ్ సరిగ్గా కనబడాలంటే కాసేపు లెన్స్ పెట్టుకుంటావా అమ్మా?’ అని అడగండి. ఒప్పుకుంటే కొత్త ట్రయల్ లెన్స్ పెట్టించండి. ఒకరికి పెట్టింది ఇంకొకరికి వద్దు. ఫ్రేమ్‌లు ఎంచుకునే సందడిలో కంట్లో లెన్స్ ఉన్న సంగతే చాలామంది మర్చిపోతారు.

‘లెన్స్ కంటి వెనక్కి పోదా?’ అని అడుగుతారు. పోదు. తెల్లగుడ్డు మీది పొరే మడతపడి రెప్పల లోపలికి సాగుతుంది, దారి అక్కడే మూసుకుపోతుంది.

కళ్లద్దాల నంబరునే లెన్స్‌కు రాసేయకండి. అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్స్ కంటిమీదే ఉంటుంది. అందుకే పవర్ 4 దాటితే లెక్క మారుతుంది. మైనస్ 6 అద్దాలవాళ్లకు దాదాపు మైనస్ 5.50 లెన్స్ చాలు. పవర్, ఫిట్టింగ్ రెండూ కంటి పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్టే చూడాలి.

మానేసేవాళ్లలో కొందరికి కళ్లు పొడిబారతాయి. ఇంకొందరికి అసలు తీయడమే రాదు. పైకి చూస్తూ, చూపుడువేలితో లెన్స్‌ను తెల్లగుడ్డు మీదికి జరిపి, బొటనవేలు కలిపి మెల్లగా చిటికెతో పట్టి తీయాలి. మీ ముందే రెండుసార్లు పెట్టి తీసేదాకా డబ్బా చేతికివ్వకండి. గంట పట్టినా సరే! పెళ్లికి రెండ్రోజుల ముందొచ్చి అడిగే పెళ్లికూతురికి మాత్రం ఇది కష్టమని చెప్పేయండి.

తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లో పనిచేసే మనిషికి ఆ దుమ్ములో లెన్స్ వద్దు.

చేతులు సబ్బుతో కడిగి, బాగా ఆరాకే లెన్స్ ముట్టుకోవాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు దానికి తగలకూడదు. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి నల్లగుడ్డును పట్టిందంటే చూపుకే ఎసరు. లెన్స్‌తో నిద్రపోకూడదు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా వెంటనే తీసేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మెడికల్ షాపులో చుక్కల మందు కొనుక్కోకూడదు. డబ్బా మీద మీ నంబరు పక్కనే దగ్గర్లోని కంటి డాక్టరు నంబరు కూడా రాసివ్వండి.